కొండ దిగే రైలు

పిల్లలూ, ఒక చిన్న ప్రశ్న. బరువు మోసుకుంటూ కొండ ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?

"ఎక్కడమే!" అంటారు మీరు. నీళ్ళబిందె భుజాన పెట్టుకుని మేడమెట్లు ఎక్కి చూసినవాళ్ళెవరైనా అదే మాట అంటారు. కాని ఇదే ప్రశ్న విశాఖపట్నం వైపు ఇనపరాయి బండి నడిపే డ్రైవరును అడిగి చూడండి. ఆయన ఆలోచించకుండా, "దిగడమే!" అంటాడు.

ఆయన అలా ఎందుకంటాడో తెలియాలంటే మనం ఒకసారి ఆ దారిన ప్రయాణం చేయాలి. రండి, విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే బండి ఎక్కుదాం. కిటికీ పక్కన చోటు చూసుకోండి. ఈ దారిలో కిటికీ పక్క చోటుకు అన్నదమ్ములు కూడా పోట్లాడుకుంటారు!

విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళే పెద్ద రైలుదారిలో సుమారు 27 కిలోమీటర్ల దూరాన కొత్తవలస అనే జంక్షను ఉన్నది. అక్కడ మన బండి పెద్ద దారిని వదిలి ఎడమకు తిరుగుతుంది. అక్కడినుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల పొడుగున సాగే దారి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, ఒడిశాలో కొండల మీదుగా నడిచి, ఛత్తీస్‌గఢ్ అడవులలో ఆగుతుంది. రైల్వేవాళ్ళు దీన్ని పొట్టిగా కె.కె. లైను అంటారు. కొత్తవలసలో ఒక "క", కిరండూల్‌లో ఒక "క" అన్నమాట.

ఈ దారిలో 58 సొరంగాలున్నవి, 84 పెద్ద వంతెనలున్నవి. ఇంత శ్రమపడి ఇంత దూరం పట్టాలు వేసినది అరకులోయ అందం చూడటానికి వెళ్ళే మనకోసం కాదు. రాళ్ళకోసం!

అవి మామూలు రాళ్ళు కావు. కిరండూల్ దగ్గర బైలదిల్లా అనే కొండల వరస ఉన్నది. దూరాన్నుంచి చూస్తే ఆ కొండ ఎద్దు మూపురంలాగా కనబడుతుంది. బైలదిల్లా అంటే అక్కడివారి మాటలో ఎద్దు మూపురమే. ఆ మూపురం నిండా హెమటైట్ అనే ఇనపరాయి ఉన్నది. చేతిలోకి తీసుకుంటే ఆ రాయి చూపుకన్నా ఎక్కువ బరువు తూగుతుంది. నేలకు రాస్తే ఎర్రని గీత పడుతుంది. వంద కిలోల మంచి రాయిలో 65 కిలోలకు పైగా ఇనుము ఉంటుంది. ప్రపంచంలో ఇంత మేలైన ఇనపరాయి దొరికే చోట్లు ఎన్నో లేవు.

కొండ నిండా ఇనుమున్నా, తీసుకుపోయే దారి లేకపోతే ఏం లాభం? పూర్వం సముద్రతీరానికీ బస్తరు అడవులకూ మధ్య రాకపోకలు లేకపోలేదు. బంజారాలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఘాట్లు ఎక్కిపోయేవారు. తిరిగి వచ్చేటప్పుడు ధాన్యమూ, అడవి సరుకులూ తెచ్చేవారు. కాని ఎద్దు వీపు మీద ఉప్పు మోయించవచ్చుగాని, కొండను మోయించలేము గదా!

రెండవ ప్రపంచయుద్ధం తరవాత జపాను దేశం పాడుపడిన తన కర్మాగారాలను మళ్ళీ కట్టుకోసాగింది. ఉక్కు చేయటం వారికి బాగా తెలుసు. కాని ఉక్కుకు కావలసిన రాయి వారి గడ్డ మీద చాలినంత లేదు. మన దగ్గర రాయి ఉన్నది, దానికి వచ్చే డబ్బు కావలసి ఉన్నది. 1960లో రెండు పక్కలవారికీ ఒప్పందం కుదిరింది. బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నుల రాయి జపానుకు పంపాలి. రాయి కొండ దిగి సముద్రం చేరాలంటే రైలుదారి వేయాలి.

రామాయణంలో దండకారణ్యం పేరు మీరు విన్నారు గదా. ఈ దారికి సంబంధించిన పథకానికి ఆ పేరే పెట్టారు. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు రైల్వే పథకం అన్నారు. అందులో మూడు రైలుదారులున్నవి. వాటిలో పెద్దది, కష్టమైనది మన కె.కె. లైను.

సరే, మన బండి శృంగవరపుకోట దాటింది. ఇంతసేపూ అటూ ఇటూ పొలాలూ, తాటిచెట్లూ కనబడినవి. ఇప్పుడు ఎదురుగా తూర్పు కనుమలు గోడలాగా నిలబడ్డవి. బొడ్డవర, శివలింగపురం స్టేషన్లు వచ్చినవి. ఇక కొండ ఎక్కాలి.

మనిషైతే కాలిబాటన తిన్నగా ఎక్కిపోతాడు. బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. రైలు మటుకు వాటిలాగా ఎక్కలేదు. ఎందుచేతనంటే, రైలు చక్రమూ ఉక్కే, పట్టా కూడా ఉక్కే. రెండూ నున్నగా ఉంటవి. ఒక్కొక్క చక్రం పట్టాను తాకే చోటు చిన్న నాణెమంతకు మించదు. నున్నగా ఉండటంవల్లనే కాస్త బలంతో ఎంతో బరువు లాగవచ్చు. కాని నున్నగా ఉండటంవల్లనే వాలు కాస్త ఎక్కువైతే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది గాని, బండి కదలదు. వానలో పట్టాలు తడిస్తే మరీ కష్టం. అందుకని ప్రతి ఇంజనులోనూ ఇసుకపెట్టెలు ఉంటవి. చక్రం జారినప్పుడు డ్రైవరు దాని ముందు ఇసుక రాలుస్తాడు. అప్పుడు చక్రానికి పట్టు దొరుకుతుంది. చూశారా, వేల గుర్రాల బలం గల ఇంజనుకు కూడా గుప్పెడు ఇసుక అవసరమే!

ఈ దారి ఘాటు భాగాలలో వాలు సుమారు 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకు నడిస్తే 1 మీటరు పైకి ఎక్కుతుంది. ఇది ఎంత వాలో మీరు ఇంట్లోనే చూడవచ్చు. 60 సెంటీమీటర్ల పొడుగు గల నున్నని చెక్క తీసుకుని, ఒక చివర కింద 1 సెంటీమీటరు మందం గల పుస్తకం పెట్టండి. చూడటానికి వాలు ఉన్నట్టే ఉండదు. దాని పైచివర ఒక గోళీ పెట్టి వదలండి. గోళీ దొర్లటం మొదలుపెట్టి, పోనుపోను వేగం పుంజుకుని, చెక్క దాటి గచ్చు మీద ఎంతో దూరం పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

లెక్కప్రకారం చూస్తే, ఈ వాలులో 100 మీటర్లు ఎక్కాలంటే 6 కిలోమీటర్లు నడవాలి. 700 మీటర్లు ఎక్కాలంటే 42 కిలోమీటర్లు! తిన్నగా పోతే కొండ అంత పొడుగు లేదు. అందుచేత ఇంజనీర్లు దారిని కొండ ఒంటిచుట్టూ చుట్టారు. లోయ పక్కనే పోతూ, వాగు వచ్చినచోట వంతెన వేసి, కొండ ముక్కు అడ్డమొచ్చినచోట సొరంగం తవ్వి, దారిని సాగదీశారు. అంచేతనే కిటికీలోంచి చూస్తే ఒక వంపులో మన బండి ఇంజనే మనకు కనబడుతుంది. కాసేపు పోయాక కిందికి చూస్తే ఇందాక మనం వచ్చిన పట్టాలు చెట్ల మధ్య దారంలాగా కనబడతవి.

అదుగో, సొరంగం వచ్చింది! చీకటి పడగానే పిల్లలంతా ఒక్కసారి కేకలు పెడతారు. ఇది ఈ బండిలో రోజూ జరిగేదే. కేకలు పెట్టండి, తప్పులేదు. కాని కేకలయ్యాక ఒక్కక్షణం ఆ గోడలకేసి చూడండి.

ఈ కొండలలో ఎక్కువగా ఉండే రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు ప్రజల పేరే ఆ రాతికి పెట్టారు. అది ఎంతో పాతరాయి. యుగయుగాలుగా ఎండకూ వానకూ నానడంవల్ల పైపొర మెత్తబడి, మట్టిగానూ బండలుగానూ విడిపోతూ ఉంటుంది. పూర్తిగా గట్టిరాయి అయితే తవ్వటం కష్టం, కాని తవ్వాక నిలుస్తుంది. పూర్తిగా మట్టి అయితే తవ్వటం తేలిక, కాని నిలవదు. ఈ రెండూ కలిసి ఉంటే ఎక్కడ ఏది వస్తుందో తెలియదు. రాతికి బెజ్జాలు వేయటం, మందు కూరి పేల్చటం, పొగ పోయేదాకా ఆగి రాళ్ళు ఎత్తిపోయటం, పైకప్పు కూలకుండా ఊతం పెట్టటం, మళ్ళీ బెజ్జాలు వేయటం. ఇదీ సొరంగం పని. ఆ రోజుల్లో ఈ కొండలలో చలిజ్వరం బెడద కూడా చాలా ఎక్కువ. అయినా 1966–67 నాటికి దారి పూర్తయింది. ఈ దారిలో స్టేషన్ల బోర్డుల మీద ఆ స్థలం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో రాసి ఉంటుంది. రాళ్ళు ఎత్తినవారి పేర్లు మటుకు ఏ బోర్డు మీదా ఉండవు.

త్యాడ, చిమిడిపల్లి దాటి బొర్రా గుహలు స్టేషను వచ్చింది. ఇక్కడ దిగి సున్నపురాతి గుహలు చూడటానికి చాలామంది వెళతారు. వాననీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించి ఆ గుహలు తొలిచింది. మనిషి సొరంగాన్ని ఏళ్ళలో తవ్వుతాడు. నీరు తన సొరంగాన్ని తవ్వటానికి లక్షల ఏళ్ళు తీసుకుంటుంది. నీటికి తొందర లేదు మరి!

ఇంకా పైకి పోతే శిమిలిగుడ స్టేషను వస్తుంది. దీని ఎత్తు 996.32 మీటర్లు. వెయ్యికి నాలుగు మీటర్లు కూడా తక్కువ లేదు. దేశంలో బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనదని ఎన్నో ఏళ్ళు చెప్పుకునేవారు. 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్ గేజ్ రైళ్ళు నడవటం మొదలయ్యాక ఆ గౌరవం అక్కడికి పోయింది. శిమిలిగుడ మటుకు ఎక్కడ ఉన్నదో అక్కడే, మంచులో చలికాచుకుంటూ ఉన్నది.

అక్కడినుంచి బండి కొంచెం దిగి అరకు చేరుతుంది. విశాఖపట్నం నుంచి సుమారు 130 కిలోమీటర్లు రావటానికి దగ్గర దగ్గర నాలుగు గంటలు పట్టింది. కాఫీతోటలు, సంతకు పోయే జనం, పైన మబ్బులు. ఈ అందం చూడటానికే 2017 నుంచి అద్దాల పెట్టె కూడా బండికి తగిలిస్తున్నారు. చాలామంది ఇక్కడ దిగిపోతారు. కాని దారి ఇక్కడ ఆగదు. ఒడిశాలో ప్రవేశించి, మాచ్‌ఖండ్ రోడ్డు మీదుగా కొరాపుట్ చేరి, జయపూర్ వైపు మళ్ళీ ఘాటు దిగి, జగదల్‌పూర్, దంతెవాడ మీదుగా కిరండూల్ పోతుంది. ఆంధ్ర, ఒడిశాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, 1955లో పనిచేయటం మొదలుపెట్టినది, ఈ ప్రాంతంలోనే ఉన్నది.

ఇక మనం కిరండూల్‌లో ఇనపరాయి బండి ఎలా బయలుదేరుతుందో చూద్దాం. బైలదిల్లాలో 14వ నిక్షేపమనే చోట 1968లో యంత్రాలతో తవ్వే గని పని మొదలైంది. కొండ మీద తవ్విన రాయిని యంత్రాలలో పగలగొట్టి, పొడుగాటి రబ్బరు పట్టీల మీద కిందికి దించి, వ్యాగన్లలో నింపుతారు. ఒక్కొక్క వ్యాగనులో 50 టన్నులకు పైగా రాయి పడుతుంది. బండికి యాభైకి పైగా వ్యాగన్లుంటవి. వ్యాగన్ల బరువూ రాయి బరువూ కలిపితే బండి మొత్తం 4,000 టన్నులకు పైనే. ఒక ఏనుగు 5 టన్నులనుకుంటే, 800 ఏనుగులు వరసగా నడిచినట్టు!

ఈ 800 ఏనుగులను జయపూర్ తరవాత ఘాటు ఎక్కించాలి. దానికి ఒక ఇంజను చాలదు. రెండు మూడు ఇంజన్లు కలిపి కడతారు. మొదట్లో డీజిల్ ఇంజన్లు ఉండేవి. 1980ల మొదట్లో దారి పొడుగునా కరెంటు తీగలు వేశాక ఎలక్ట్రిక్ ఇంజన్లు వచ్చినవి. 1988 ప్రాంతంలో జపానులో తయారైన ఇంజన్లు కొన్ని కూడా ఈ పనికి వచ్చినవి. రాయి అటు పోయి, ఇంజను ఇటు వచ్చిందన్నమాట.

బండి మెల్లగా మూలుగుతూ శిమిలిగుడ చేరింది. ఇక దిగటమే. అమ్మయ్య అనుకుంటున్నారా? ఇప్పుడు మీ గోళీని గుర్తు తెచ్చుకోండి!

గోళీ 60 సెంటీమీటర్లలోనే వేగం పుంజుకున్నది. ఇక్కడ వాలు పదుల కిలోమీటర్ల పొడుగు. గోళీ బరువు కొద్ది గ్రాములు, బండి బరువు 4,000 టన్నులు. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు పట్టు తప్పితే ఇక ఆగదు. అందుకే డ్రైవరు దిగటమే కష్టమన్నాడు.

మరి ఎలా ఆపుతారు? రైలు బ్రేకులో చక్కని ఉపాయం ఒకటి ఉన్నది. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది. అందులో గాలిని గట్టిగా నింపి ఉంచుతారు. ఆ గాలి నిండుగా ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటవి. డ్రైవరు గాలి వదిలితే బ్రేకులు పడతవి. ఇది తలకిందుల పద్ధతి అనిపిస్తుంది గదూ? కాని ఆలోచించండి. పొరపాటున బండి మధ్యలో తెగిపోయిందనుకోండి. గొట్టం కూడా తెగుతుంది, గాలి పోతుంది, రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతట అవే పడతవి. ఆపద వచ్చినప్పుడు ఎవరూ ఏమీ చేయనవసరం లేకుండా బండి ఆగేలా చేశారన్నమాట.

అయితే ఒక చిక్కు ఉన్నది. గంటల తరబడి చక్రానికి బ్రేకు దిమ్మలు అదిమి ఉంచితే అవి కాలిపోయేటంత వేడెక్కుతవి. వేడెక్కిన దిమ్మలకు పట్టు తగ్గుతుంది. అందుకని బ్రేకుల మీదనే ఆధారపడక, ఇంజను మోటార్లతోనే బండిని నిలవరిస్తారు. మీ తాతయ్య పాతసైకిలుకు దీపం వెలిగించే డైనమో ఉంటే ఒకసారి తొక్కి చూడండి. డైనమోను చక్రానికి ఆనించగానే తొక్కటం బరువవుతుంది. చక్రం డైనమోను తిప్పాలి గదా, ఆ శ్రమ చక్రాన్ని వెనక్కు పడుతుంది. ఎలక్ట్రిక్ ఇంజనులో మోటారు కూడా అంతే. కరెంటు ఇస్తే చక్రాన్ని తిప్పుతుంది. కరెంటు ఇవ్వటం మాని, చక్రం చేతనే దాన్ని తిప్పిస్తే కరెంటు పుట్టిస్తూ చక్రాన్ని నిలవరిస్తుంది. పాత ఇంజన్లలో అలా పుట్టిన కరెంటును వేడిగా మార్చి గాలిలోకి వదిలేసేవారు. కొత్త ఇంజన్లు ఆ కరెంటును తిరిగి పైతీగలోకి పంపుతవి. ఒక బండి దిగుతూ పుట్టించిన కరెంటు, అదే సమయాన ఇంకొక బండి ఎక్కటానికి సాయపడవచ్చు!

ఇంత చేసినా ఘాటు దారులలో ఇంకా కొన్ని జాగ్రత్తలుంటవి. దిగే ముందు బండి ఆపి బ్రేకులు సరిగా ఉన్నవో లేవో పరీక్షిస్తారు. కొన్ని చోట్ల అసలు దారి పక్కన ఇంకొక దారి చీల్చి, దాన్ని కొండ మీదికి ఎత్తుగా వేసి వదిలేస్తారు. దాన్ని క్యాచ్ సైడింగు అంటారు. అది ఏ ఊరికీ పోదు. పట్టుతప్పిన బండి ఏదైనా వస్తే ఆ దారిలోకి ఎక్కి, ఎత్తు ఎక్కలేక తనంతట తనే ఆగుతుంది. ఏళ్ళ తరబడి దానితో పని పడకపోవచ్చు. పడకూడదనే అందరి కోరిక. అయినా దాన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతారు.

బండి సంగతి బాగానే ఉన్నది, కొండ సంగతో? ఇందాక ఖోండలైట్ రాయి వానకు మెత్తబడుతుందని చెప్పుకున్నాం. పెద్ద వానలు పట్టినప్పుడు బండలు జారి పట్టాల మీద పడతవి. 2023 సెప్టెంబరులో కొరాపుట్, జయపూర్‌ల మధ్య మనబార్, జరటి స్టేషన్ల దగ్గర కొండచరియ విరిగిపడి రైళ్ళు ఆగిపోయినవి. కొండను బ్రేకు వేసి ఆపలేము. దాన్ని కనిపెట్టి ఉండటం ఒక్కటే మార్గం.

ఆ కనిపెట్టి ఉండే పని మనుషులది. వానాకాలంలో అపాయమున్న చోట్ల కాపలా పెడతారు. రాత్రిపూట మనిషి దీపం పట్టుకుని పట్టాల వెంట నడుస్తాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, పైన వాన. నడుస్తూ ఉండగా దారిలో బండ పడి ఉన్నదనుకోండి. ఆ వైపు బండి వచ్చే వేళయింది. అప్పుడేం చేయాలి?

అతని సంచిలో డిటొనేటర్లు ఉంటవి. అవి పట్టాకు బిగించే టపాకాయల వంటివి. చక్రం ఎక్కగానే ఢాం అని పేలుతవి. చేతిలో ఎర్రదీపం ఊపుకుంటూ, అతను బండి వచ్చే దిక్కుకు పరుగెత్తుతాడు. 600 మీటర్ల దూరాన ఒకటి పెడతాడు. ఇంకా పరుగెత్తి 1,200 మీటర్ల దూరాన, పదేసి మీటర్ల ఎడంతో మూడు పెడతాడు. వాన హోరులో దీపం కనబడకపోయినా, కేక వినబడకపోయినా, ఆ చప్పుడు మటుకు డ్రైవరు చెవిన పడుతుంది. వెంటనే బ్రేకు వేస్తాడు. అంత బరువు బండి వెంటనే ఆగదు గనకనే అంత దూరం పరుగెత్తాలి. మీ బడి మైదానం చుట్టూ ఎన్ని సార్లు తిరిగితే 1,200 మీటర్లు అవుతుందో లెక్కకట్టి, ఒకసారి పరుగెత్తి చూడండి. చీకట్లో, వానలో, కంకరరాళ్ళ మీద ఆ పరుగు ఎలా ఉంటుందో కాస్త తెలుస్తుంది.

కొండ దిగిన రాయి విశాఖపట్నం రేవుకు చేరుతుంది. అక్కడ ఒక యంత్రం వ్యాగనును గట్టిగా పట్టుకుని, మనం డబ్బా బోర్లించినట్టు దాన్ని బోర్లిస్తుంది. రాయి పట్టీల మీదుగా ఓడలోకి పోతుంది. 1933లో తెరిచిన పాత రేవు పెద్ద ఓడలకు చాలదు గనక, 1976లో బయటి రేవు కూడా ఏర్పడింది. తరవాత విశాఖలోనే ఉక్కు కర్మాగారం వచ్చింది. దానికి కావలసిన రాయి కూడా బైలదిల్లా నుంచే, ఈ దారినే వస్తూ వచ్చింది. ఇటీవలి కాలంలో ఈ ఒంటిదారి చాలక, పక్కన రెండో దారి వేసే పనులు కూడా చేపట్టారు.

రాయి కిందికి దిగినకొద్దీ పైన కొండ తరుగుతుంది. దంతెవాడ దగ్గర శంఖిని, డంకిని అని రెండు నదులు కలుస్తవి. గనుల మట్టి కలిసి శంఖిని నీరు ఏళ్ళ తరబడి ఎర్రగా పారింది. ఆ ఏటి నీరు తాగే ఊళ్ళవారు దానితో ఎన్నో ఇబ్బందులు పడ్డారు. మన ఇళ్ళకు ఉక్కు వచ్చింది, వారి ఏటికి ఎరుపు వచ్చింది. రైలును అదుపు చేయటానికి ఇన్ని ఉపాయాలు పన్నినవారు ఏటిని తేటగా ఉంచే ఉపాయాలు కూడా పన్నాలి. మీలో ఎవరైనా పెద్దయి ఇంజనీర్లయితే ఈ పని మీకోసం కాచుకుని ఉన్నది.

సాయంకాలం మన బండి తిరుగుప్రయాణం పట్టింది. చిమిడిపల్లి దగ్గర పక్కదారిలో ఆగింది. ఎందుకాగిందని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. మీరు విసుక్కోకండి. ఒంటిదారిలో ఒక బండి పోవాలంటే ఇంకొకటి ఆగాలి. కిటికీలోంచి తొంగిచూడకుండా, లోపలినుంచే చూస్తూ కూర్చోండి. కాసేపటికి ఇంజన్ల చప్పుడు వినబడుతుంది. ఇనపరాయి బండి వస్తుంది. వ్యాగన్లన్నీ ఎర్రగా దుమ్ముకొట్టుకుని ఉంటవి. ఎన్ని ఉన్నవో లెక్కపెట్టండి. ఎంత మెల్లగా, ఎంత ఒద్దికగా దిగుతున్నదో గమనించండి.

అది పోయాక, సొరంగం నోటి దగ్గర సుత్తి భుజాన వేసుకుని పట్టాల పక్కన నిలబడిన మనిషి కనబడవచ్చు. మన బండి కదిలి అతన్ని దాటేటప్పుడు చెయ్యి ఊపండి. అతను కూడా తప్పకుండా ఊపుతాడు. మనం ఇంటికి పోయి అన్నం తిని పడుకునే వేళకు, వాన పడితే, అతను దీపం తీసుకుని బయలుదేరుతాడు.